న్యూస్ డెస్క్ నుంచి డాక్యుమెంటరీ ఎడిటింగ్‌లోకి

రిపోర్టింగో సబ్‌ఎడిటింగో చేసినవాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే. సాఫ్ట్‌వేర్ నెలా రెండు నెలల్లో పట్టుబడుతుంది; డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ నేర్చుకోవడానికి చాలు. వదలనిది లీడ్ (వార్త సారమంతా మొదటి పేరాలోనే పెట్టడం) రాసే అలవాటే. విషయమంతా మొదటి రెండు నిమిషాల్లో చెప్పేస్తే ప్రేక్షకుడు గంటసేపు ఎందుకు కూర్చుంటాడు?

ఫుటేజీ రాగానే రెండు డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి వేరేచోట పెట్టండి. ఫైళ్లు తెరిచి చూసేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయొద్దు. ఫోన్‌లో తీసిన వీడియోల ఫ్రేమ్‌రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములో) నిలకడగా ఉండదు; 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో (సాఫ్ట్‌వేర్‌లో ముక్కలు వరసగా పేర్చే చోటు) నేరుగా వేస్తే పోనుపోను పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్‌రేటుకు మార్చుకోండి.

తర్వాత టైమ్‌కోడ్‌తో (ఏ మాట ఫుటేజీలో ఏ క్షణంలో ఉందో చెప్పే అంకెలు) సహా ఇంటర్వ్యూలన్నీ రాసుకోవాలి. చేత్తో రాస్తే గంట ఇంటర్వ్యూకు నాలుగైదు గంటలు పడుతుంది, అయినా దాటవేయొద్దు. కావలసిన ముక్కలు కాగితం మీద వరసపెట్టి (పేపర్ ఎడిట్) ఆ తర్వాతే టైమ్‌లైన్ తెరవండి.

తెలుగు ఇంటర్వ్యూల్లో అసలు ప్రమాదం వాక్యం చివర ఉంటుంది. మన భాషలో క్రియ, కాదనడం, విన్నమాటని చెప్పడం అన్నీ చివరికే వస్తాయి. ‘ఆయన డబ్బు తీసుకున్నాడంట’లో చివరి ‘అంట’ ఎగిరిపోతే పుకారు కళ్లారా చూసిన సాక్ష్యమైపోతుంది. ‘వాళ్లు డబ్బిచ్చారని నేను అనలేదు’ అన్నదాన్ని ‘ఇచ్చారు’ దగ్గర తెంపితే అర్థమే తలకిందులు. పైన పొలం షాటో వీధి షాటో పరిస్తే కోత కనపడదు కాబట్టి ఇంకా జాగ్రత్త. పిక్చర్ లాక్‌కు (ఇక కోతలు మార్చమని ఖాయం చేసుకోవడం) ముందు ఆరోపణ ఉన్న ప్రతి ముక్కనూ పూర్తి వాక్యంతో పోల్చి వినండి. డెస్క్ అనుభవం బాగా అక్కరకొచ్చేది ఇక్కడే.

ప్రతి లొకేషన్‌లో 30 సెకన్ల రూమ్‌టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే చప్పుడు) పట్టమని షూటింగ్‌కు ముందే అడగండి. అది లేకపోతే మాట కత్తిరించిన చోటల్లా చెవులు మూసుకుపోయినట్టు నిశ్శబ్దం పడుతుంది.

మొదట దొరికేది అసిస్టెంట్ పనే: లాగింగ్ (ఏ ఫుటేజీలో ఏముందో రాసిపెట్టడం), సింక్ (విడిగా పట్టిన శబ్దాన్ని బొమ్మతో కలపడం), సబ్‌టైటిళ్లు. తెలుగు ప్రాంతాల్లో తీసే బయటి దర్శకులకు యాస అర్థమయ్యే మనిషి కావాలి. అక్కడి నుంచి లోపలికి రావచ్చు. సబ్‌టైటిల్ రెండు లైన్లు దాటొద్దు. ఇంగ్లీషులోనైతే లైనుకు 42 అక్షరాలు. పని చూపించడానికి మెరుపు షాట్ల షోరీల్ కన్నా పది నిమిషాల పూర్తి చిత్రం మేలు. మొత్తానికి ఇంత అని కాకుండా వారాల లెక్కన మాట్లాడుకోండి. ఫుటేజీ ఎన్ని గంటలో, ఎన్నిసార్లు మార్పులు చేయాలో ఒప్పందంలో రాయించుకోండి. 40 గంటలని చెప్పి 120 గంటలు పంపడం ఈ రంగంలో వింతేమీ కాదు.