కెమెరా కొనే ముందు ఒక రోజు అద్దెకు తీసుకోండి

బెంగళూరులో సెమీ ప్రొఫెషనల్ కెమెరా కొనబోతున్న వారికి ఒక మాట. దుకాణంలోని ధగధగల వెలుతురులో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. అదే మోడల్‌ను ఒక రోజు అద్దెకు తెచ్చుకుని, తెల్లవారకముందే పూలు అమ్మే కె.ఆర్. మార్కెట్‌కు వెళ్ళండి. బల్బు వెలుగులో బంతిపూల రాశులను, అడిగి ఒప్పుకున్నాక దండలు కట్టే చేతులను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా చూపే సున్నితత్వం) 1600, 3200, 6400లలో తీయండి. షట్టర్ 1/125 సెకను కన్నా ఎక్కువ సేపు తెరిచి ఉంటే కదిలే వేళ్ళు ఫొటోలో చెదిరిపోతాయి. ఆ తప్పు కెమెరాది కాదు. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఫొటోలను నూరు శాతానికి పెంచి, పూరేకుల మధ్య నీడలను చూడండి. ఐఎస్ఓ పెంచినప్పుడు వచ్చే రంగు చుక్కలు అక్కడే బయటపడతాయి. చేతికి పట్టు దొరకడం కూడా ముఖ్యమే. చిటికెన వేలికి చోటు దొరకని కెమెరాను, ఫొటోలు ఎంత నచ్చినా, నేను తిరిగి ఇచ్చేశాను.