గల్ఫ్‌కి వెళ్లేముందు ఇంటి దగ్గరే తెమల్చుకోవాల్సిన పనులు

ఊళ్లో ఉండగా ఒక పూటలో అయిపోయే పని, కువైట్లోనో మస్కట్లోనో కూర్చుని చేయించుకోవాలంటే ఆర్నెల్లకీ తెమలదు. రాజోలు, మలికిపురం, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి బయల్దేరేవారిలో చాలామంది ముందు ఏజెంటుకి డబ్బు కట్టేసి, మిగతావన్నీ తర్వాత చూసుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ముందు పాస్‌పోర్టు, తర్వాత ఆరోగ్యం, ఆ తర్వాత వీసా కాగితం చూసుకోవాలి. డబ్బు అన్నిటికన్నా ఆఖరున.

పాస్‌పోర్టులో పేరు

ఆధార్‌లో ‘కె. నాగమణి’ అని, పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టింటి ఇంటిపేరుతో, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరుతో ఉండటం మన వైపు మామూలే. ఇక్కడ ఎవరూ అడగరు. అక్కడ మాత్రం వీసాకీ పాస్‌పోర్టుకీ ఒక్క అక్షరం తేడా వచ్చినా పని ఆగిపోతుంది. ముందు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయించి, దాని ప్రకారం పాస్‌పోర్టుకి దరఖాస్తు చేయండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, పేరంతా ఒకే గడిలో ఒకే మాటగా రాయించుకున్నవారికి మరో ఇబ్బంది ఉంది: అలా ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాపై వచ్చేవారిని 2022 నవంబరు నుంచి యూఏఈ రానివ్వడం లేదు.

36 పేజీల పాస్‌పోర్టుకి ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2,000. భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. గడువు రెండేళ్ల కంటే తక్కువ మిగిలి ఉంటే ఇక్కడే కొత్తది తీసుకుని వెళ్లండి. కువైట్లో అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) పాస్‌పోర్టు గడువును దాటి ఇవ్వరు.

పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. పని కోసం గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు వెళ్లేటప్పుడు, 1983 నాటి వలసల చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని దాని అర్థం. కొందరు ఏజెంట్లు దొంగ మార్కుల జాబితా పెట్టి ఈ ముద్ర తీయిస్తామంటారు. ఒప్పుకోవద్దు. అది నేరం, పట్టుబడితే కేసు మీ మీదే పడుతుంది. పైగా ఆ అనుమతితోపాటు వచ్చే కాంట్రాక్టు పరిశీలన, బీమా మీకు దక్కకుండా పోతాయి. నిజంగా పది పాసైనవారు మాత్రం సర్టిఫికెట్ పెట్టి పాస్‌పోర్టు మళ్లీ తీసుకుంటే సరిపోతుంది.

ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. ‘ముందు విజిట్ వీసా మీద దుబాయ్, అక్కణ్నుంచి మస్కట్’ అని ఎవరైనా చెబితే ఈ నిబంధనలను తప్పించుకోవడానికేనని తెలుసుకోండి. అలా వెళ్లిన మనిషి ఫలానా చోట పనిచేస్తోందని మన ప్రభుత్వం దగ్గర రికార్డే ఉండదు. జీతం ఇవ్వకపోయినా, గదిలో పెట్టి తాళం వేసినా, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

ఛాతీ ఎక్స్‌రే ముందుగా

గల్ఫ్ దేశాల మెడికల్ వాఫిద్ వెబ్‌సైట్లో బుక్ చేసుకోవాలి. పాతవాళ్లు దీన్నే గామ్కా అంటారు. టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి చూస్తారు. ఆడవారికి గర్భ పరీక్ష కూడా ఉంటుంది. ఎక్కువమంది ఆగిపోయేది ఎక్స్‌రే దగ్గర. ఎప్పుడో వచ్చి నయమైపోయిన టీబీ ఊపిరితిత్తి మీద మచ్చ వదిలినా ‘అన్‌ఫిట్’ రాస్తారు. అందుకే ఏజెంటుకి రూపాయి కట్టకముందే దగ్గర్లోని ల్యాబ్‌లో ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ పరీక్ష చేయించుకోండి. అయ్యేది కొన్ని వందలే. ‘డబ్బిస్తే ఫిట్ రాయిస్తాం’ అనే మాట నమ్మకండి. అక్కడ దిగాక మళ్లీ పరీక్ష చేస్తారు, తేడా వస్తే వెనక్కి పంపేస్తారు.

ఏజెంటు, వీసా, డబ్బు

ఊళ్లో మీకు తెలిసినాయన సాధారణంగా సబ్ ఏజెంటే. చుట్టరికం ఉన్నా సరే, లైసెన్సు ఎవరి పేరున ఉందో అడగండి. ఆ నంబరు కేంద్ర ప్రభుత్వం వారి ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో కొట్టి, గడువు ఉందో లేదో చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, వెరసి 35,400. అంతకు మించి లక్ష, లక్షన్నర అడిగితే అది చట్టవిరుద్ధం. ఎంత కట్టినా బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. చేతికిచ్చిన డబ్బుకి సాక్ష్యం ఉండదు.

వీసా వచ్చిందంటే వాట్సాప్‌లో ఫొటో చూసి సరిపెట్టుకోవద్దు. కాగితం తెప్పించుకుని అరబీ చదవగలిగినవారి చేత నాలుగు విషయాలు చదివించండి: పాస్‌పోర్టు నంబరు, పేరు, పని, కఫీల్ (వీసా ఇప్పించే యజమాని) ఎవరు. కువైట్ వీసాలో 18 అని ఉంటే కంపెనీ పని, 20 అని ఉంటే ఇంటిపని. దుకాణంలో సేల్స్ ఉద్యోగమని చెప్పి 20 వీసా చేతిలో పెడితే అది మోసం. ఆ వీసాతో కంపెనీలో చేస్తూ పట్టుబడితే శిక్ష పనిచేసినవారికీ పడుతుంది. ‘ఆజాద్ వీసా, ఎక్కడైనా చేసుకోవచ్చు’ అనే మాటకి ఏ గల్ఫ్ చట్టంలోనూ చోటు లేదు.

కాంట్రాక్టులో జీతం దినార్లలోనో రియాళ్లలోనో అంకెల్లో ఉండాలి. తిండి, బస, సెలవు, తిరుగు టికెట్ ఎవరివో రాసి ఉండాలి. కువైట్లో ఇంటిపనివారికి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో రోజు సెలవివ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. అమలు ఇంటిని బట్టి మారుతుంది, కానీ అడగడానికి ఆధారం మీ దగ్గరుండాలి.

ఈసీఆర్‌వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో పోతే నామినీకి 10 లక్షలు వస్తాయి. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

పొలం, బంగారం, బ్యాంకు

పొలం కౌలుకిచ్చి వెళ్తే సార్వాకి ఎన్ని బస్తాలు, దాళ్వాకి ఎన్ని, ఎప్పుడు ఇవ్వాలి, పంట మునిగితే లెక్కేమిటి అన్నది కాగితం మీద పెట్టండి. 75 కేజీల బస్తా అనీ రాయండి. కౌలు రైతు గుర్తింపు కార్డుకి సంతకం చేయమంటే భయపడక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలకే చెల్లుతుంది, భూమి మీద హక్కు ఇవ్వదు. కొబ్బరితోట ఉంటే దింపు డబ్బు ఎవరి ఖాతాలో పడాలో కూడా ఇప్పుడే తేల్చండి.

ఇంట్లోవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడే చేయించండి. కౌలు వసూలు, కరెంటు మీటరు, కోర్టు పని అంటూ ఏ పనికో అంతవరకే రాయించండి. అమ్మే అధికారం కలిపిన జనరల్ పవర్ ఇవ్వకండి. అన్నదమ్ముల మధ్య పెద్ద గొడవలు అక్కడే పుడతాయి. విదేశం వెళ్లాక చేస్తే ఎంబసీకి వెళ్లి సంతకం పెట్టాలి, ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి.

ఏజెంటు ఫీజు కోసం బంగారం కుదువ పెట్టినవారు రెన్యూవల్ తేదీ, నెలకి పడే వడ్డీ ఇంట్లోవారికి రాసిచ్చి వెళ్లండి. బ్యాంకు నోటీసు ఇంటికే వస్తుంది, చదివేవారు లేకపోతే వస్తువు వేలానికి వెళ్లిపోతుంది. డ్వాక్రా గ్రూపులో ఉంటే వాయిదా ఎవరు కడతారో గ్రూపు మీటింగులోనే చెప్పండి.

ఉద్యోగానికి విదేశం వెళ్తే మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవారి ఇక్కడి ఆదాయం పడే ఖాతాగా మార్చాలి. జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇక ఫోన్ సంగతి. ఓటీపీలన్నీ మీ ఇండియా నంబరుకే వస్తాయి. రోమింగ్ వేయించి వెళ్లండి, రీచార్జి బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. మూడు నెలలు వాడకుండా పడేస్తే నంబరు పోతుంది, దాంతో బ్యాంకు ఖాతాకి దారి కూడా మూసుకుపోతుంది.

పెట్టెలో పెట్టకూడనివి

గసగసాలు. గల్ఫ్‌లో ఇవి మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి, తెలియక తెచ్చినవారూ జైలుకి వెళ్లారు. విడిగా తీసుకెళ్లకపోవడం ఒక్కటే చాలదు, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిశాయేమో అమ్మనో అత్తగారినో అడగండి. ఎండు కొబ్బరి విమానంలో అసలు తీసుకెళ్లనివ్వరు, నూనె ఎక్కువ కావడంతో వేడెక్కి అంటుకునే గుణం ఉంది. గుట్కా, ఖైనీ వద్దు. నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు, ఆందోళనకి వాడే ఆల్‌ప్రజోలమ్ లాంటివి అనుమతి లేకుండా పట్టుకెళ్తే కేసవుతుంది. బీపీ, షుగరు మాత్రలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో ఉంచండి. ‘మా అబ్బాయికి ఇచ్చెయ్యవే’ అని ఎవరైనా పొట్లం తెస్తే వాళ్ల ముందే విప్పి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు. ఆవకాయ చెకిన్ సామానులో పెట్టి, సీసా మూతకి టేపు చుట్టి రెండు కవర్లు వేయండి.

బయల్దేరే వారం

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా, కఫీల్ ఫోన్ నంబరు, అక్కడి చిరునామా మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టెలో. ఇంట్లో ఉంచే సెట్టు మీద 1800 11 3090 అని రాయండి, అది ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోన్ నంబరు.

జులై నుంచి సెప్టెంబరు మధ్య ప్రయాణమైతే లంక ఊళ్లవారు టికెట్ తేదీతోపాటు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద వార్తలు కూడా చూడాలి. 10 లక్షల క్యూసెక్కుల దగ్గర మొదటి హెచ్చరిక ఇస్తారు, 13 లక్షల దగ్గర రెండోది. మొదటి హెచ్చరిక వచ్చిన రోజునే సామానుతో సహా అమలాపురంలోనో రావులపాలెంలోనో చుట్టాలింటికి చేరిపోండి. కాజ్‌వే మునిగాక పడవలో పెట్టె దాటించి, బస్సు పట్టుకుని, శంషాబాద్‌కి వేళకి చేరడం అయ్యే పని కాదు. విమానానికి నాలుగు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. ఇమ్మిగ్రేషన్ అధికారి ఏ పనికి వెళ్తున్నారని అడిగితే వీసాలో రాసి ఉన్న పనే చెప్పండి. ఏజెంటు వేరే జవాబు నేర్పి పంపాడంటే మీ కాగితాల్లో తేడా ఉన్నట్టే, ఆ విమానం ఎక్కకండి.