గ్రామసభ మొక్కుబడిగా ముగియకూడదంటే

తేదీ వేసే ముందు పంట పనులు చూసుకోండి. నాట్ల రోజుల్లో పొద్దున 11కు సభ పెడితే ఎప్పుడూ వచ్చే పాతికమందే వస్తారు. సాయంత్రం 5 దాటాక పెట్టడం మేలు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ జరగాలి కాబట్టి తేదీలు ముందే అనుకోవచ్చు. వారం ముందు నోటీసు అతికించి, ముందురోజు సాయంత్రం, సభ రోజు పొద్దున దండోరా వేయించండి. వాట్సాప్ గ్రూపును నమ్ముకుంటే శివారు కాలనీకి కబురు అందదు. చోటు బడి ఆవరణ అయితే మంచిది. గుడి మండపంలో పెడితే దళితవాడ జనం వచ్చినా అంచునే నిలబడతారు.

సభను ఎక్కువగా మింగేసేవి పింఛను, రేషన్ కార్డు గోడులే. అవి తప్పు కాదు గానీ, ఒక్కొక్కటీ మైకులోకి వస్తే ఊరి పని మిగలదు. గంట ముందే పక్కన బల్ల వేసి, అర్జీలు తీసుకుని రసీదు ఇచ్చేయండి.

ఎజెండా నాలుగైదు అంశాలకు మించొద్దు. మొదటిది పోయిన సభ తీర్మానాల్లో ఏది అయింది, ఏది ఆగింది అన్నది. తర్వాత జమాఖర్చులు, చార్టు మీద పెద్ద అక్షరాలతో. ఏ డబ్బు దేనికో కూడా అక్కడే రాయాలి. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం (2021–26) గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించారు. అలాంటి వాటాలోంచి సీసీ రోడ్డు అడిగితే తీర్మానం కాగితం మీదే ఉండిపోతుంది. ఇదే ఎజెండాను రెండ్రోజుల ముందు పొదుపు సంఘాల మీటింగులో చదివితే, ఆడవాళ్లు ఏం అడగాలో అనుకునే వస్తారు.

అసలు కిటుకు తీర్మానం రాయడంలో ఉంది. ‘గ్రామంలో మురుగు కాలువలు నిర్మించాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని రాస్తే రేపు ఎవర్నీ నిలదీయలేం. ‘మూడో వార్డులో బోరింగు నుంచి అంగన్‌వాడీ దాకా 120 మీటర్ల కాలువ, అంచనా కోసం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కి ఈ నెల 20లోగా లేఖ, బాధ్యత కార్యదర్శిది’ అని రాయండి. ఎవరైనా కాదంటే ఆ మాటా రాయండి.

జనం రాగానే మినిట్స్ పుస్తకంలో (తీర్మానాలు రాసే పుస్తకం) సంతకాలు పెట్టించడం పాత జబ్బు. పైన ఖాళీ, కింద వేలిముద్రలు. ఆ ఖాళీలో తర్వాత ఏం చేరినా ఊరంతా ఒప్పుకున్నట్టే లెక్క. హాజరుకు వేరే పుస్తకం పెట్టండి. తీర్మానాలు మైకులో చదివి, ఆఖరి వాక్యం కింద అడ్డగీత కొట్టాకే సంతకాలు తీసుకోండి. అడిగినవాళ్లను ఆ పేజీలు అక్కడే ఫోన్లో ఫొటో తీసుకోనివ్వండి.