మొఘల్ బొమ్మను అంచుల నుంచి చూడండి

బీచ్ రోడ్డు దగ్గర మా డాబా మీద ఆదివారాలు పిల్లలకి బొమ్మలు నేర్పుతాను. మొఘల్ బొమ్మ ఇచ్చినప్పుడు ఒకటే చెబుతాను: చక్రవర్తిని ఆఖరున చూడండి.

చక్రవర్తి జహంగీర్ తన కొడుకు ఖుర్రంని తూకం వేయించిన బొమ్మ తీసుకోండి. 1607 నాటి వేడుక అది. బొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రంగుల ప్రింటు చాలు. భూతద్దం పెట్టి కిందనుంచి మొదలెట్టండి. పళ్ళేల్లో నగలు, బాకులు, బట్టలు. వెనక గూళ్ళలో చైనా పింగాణీ. మా పోర్టులో ఓడ కనబడితే ఇదెక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతామే, ఇక్కడా అలాగే అడగండి.

ఉమరావుల, అంటే దర్బారు పెద్దల, ముఖాల దగ్గర తొందరపడకండి. ఏ ఇద్దరూ ఒకేలా ఉండరు, బతికున్న మనుషుల పోలికలవి. సన్నటి ఉడత వెంట్రుకల కుంచెతో గీసేవారు. నాకెంతో ఇష్టమైన చోటిది.

ఇప్పుడు తక్కెడ. కొడుకెత్తు బంగారం, వెండి తూచి పేదలకి పంచేవారు. తక్కెడ పక్కన నిలబడ్డాడే, ఆయనే జహంగీర్.