పాత సెయిల్‌బోటుకు కొత్త రంగు – 3వ పాఠం: పుట్టీ, రుద్దుడు, ప్రైమర్

కిందటి పాఠం పని అయిపోయి ఉంటే, ఈపాటికి మీ పడవ నడుమెత్తు స్టాండ్ల మీద బోర్లించి ఉంటుంది. హల్‌కు, అంటే పడవ ఒంటికి, బిగించిన సామానంతా ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టారు. విశాఖ వాళ్లు ఇంకోసారి మంచినీళ్లు పోయండి. సముద్రపు ఉప్పు కంటికి కనబడకుండానే మిగిలిపోతుంది, తర్వాత రంగు కింద తేమను లాగి బొబ్బలు తెస్తుంది.

మనం ఉదాహరణగా తీసుకున్న పడవ ఫైబర్‌గ్లాస్ ఎంటర్‌ప్రైజ్. 1956లో జాక్ హోల్ట్ గీసిన డిజైన్, నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, ఇద్దరు నడిపే పడవ. నీలం తెరచాపలు చూసి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. మొదట్లో ప్లైవుడ్‌తో కట్టేవారు, ఫైబర్‌వి తర్వాత వచ్చాయి. హుస్సేన్ సాగర్‌తో సహా మన దేశంలో చాలా క్లబ్బుల్లో ఈ తరగతి పడవలు తిరిగాయి. ఆట అయ్యాక ట్రాలీ మీద ఒడ్డెక్కే పడవ కాబట్టి, నీళ్లలోనే కట్టి ఉంచే పెద్ద పడవలకు అడుగున పూసే నాచు నిరోధక రంగు దీనికి అక్కర్లేదు. పైనుంచి అడుగు దాకా ఒకటే రంగు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట మనసులో ఉంచుకోండి. ఎండకు సున్నంలా తెల్లబారిన పాత హల్ తన సొట్టల్ని దాచుకుంటుంది, ఎందుకంటే దాని మీద వెలుగు చెదిరిపోతుంది. అదే హల్‌కు నిగనిగలాడే కొత్త రంగు వేశారంటే, నిన్నటిదాకా లేదనుకున్న ప్రతి గీత, ప్రతి గుంట బయటపడుతుంది. రంగు వేశాక కళ్లు తేలేయకుండా ఉండాలంటే ఈ పాఠంలోని పనికి ఓపిక చాలా కావాలి. మొత్తం శ్రమలో ముప్పాతిక భాగం ఇక్కడే పోతుంది. పోనివ్వండి.

ముందు మైనం పోవాలి

ఏళ్ల తరబడి రుద్దిన పాలిష్, మైనం హల్ మీద పేరుకుని ఉంటాయి. చాలామంది నేరుగా గరుకు కాగితం అందుకుంటారు, గీరితే మైనం కూడా పోతుంది కదా అని. పోదు. కాగితం ఆ మైనాన్ని కొత్తగా పడిన గీతల్లోకి కూరి పెడుతుంది. ఆ చోట ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, పట్టదు. పాలిష్‌లో సిలికాన్ ఉంటే ఇంకా కష్టం: రంగు తడిగా ఉండగానే గుండ్రటి చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. కార్లకు రంగులేసేవాళ్లు దీన్నే ఫిష్ ఐ అంటారు.

అందుకే గరుకు కాగితం ముట్టుకోకముందే మైనం తీసే సాల్వెంట్‌తో తుడవాలి. పెట్రోలు, కిరోసిన్ వద్దు. అవి నూనె జిడ్డు వదిలిపోతాయి, నిప్పు భయం సరేసరి. పద్ధతి ఇది: రెండు చేతుల్లో రెండు తెల్ల బనీను గుడ్డలు. ఒకటి సాల్వెంట్‌తో తడిపినది, రెండోది పొడిది. మూరెడు మేర తడిగుడ్డతో తుడిచి, అది ఆరేలోగా వెనకే పొడిగుడ్డతో ఎత్తేయాలి. ఆరిందంటే కరిగిన మైనం మళ్లీ అక్కడే కూర్చుంటుంది. గుడ్డలు తరచూ మడత మార్చండి, మురికి పట్టగానే పక్కన పడేయండి. రంగుగుడ్డలు వాడొద్దు, వాటి రంగు దిగుతుంది. వాడిన గుడ్డల్ని ముద్దగా మూల పడేయకుండా ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

అయిందో లేదో నీళ్లే చెబుతాయి. చెంబుడు మంచినీళ్లు హల్ మీద పోయండి. పలచటి పొరలా జారితే మైనం లేదు. తామరాకు మీద నీటిబొట్టులా ముత్యాలు కట్టిందంటే ఇంకా ఉంది, మళ్లీ తుడవండి.

పాత రంగు ఏ జాతిది?

మీకంటే ముందున్న యజమాని ఇదివరకే ఒకసారి రంగు వేయించి ఉండొచ్చు. అది ఏ రకమో తెలుసుకోకుండా రెండు డబ్బాల రంగు, అంటే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే రంగు, దాని మీద వేయకండి. కొత్త రంగులోని థిన్నర్ కింది పొరను ఉడికించినట్టు ముడతలు లేపుతుంది. థిన్నర్‌లో ముంచిన దూది ఒక మూల మీద పెట్టి, పైన టేపు అంటించి పది నిమిషాలు ఆగండి. రంగు మెత్తబడినా, ముడత పడినా, దూదికి అంటినా అది ఒకే డబ్బా రంగు. దాన్ని పూర్తిగా గీకేయాలి, లేదా మీరూ ఒకే డబ్బా రంగుతోనే సరిపెట్టుకోవాలి. ఒడ్డున నీడలో ఉండే చిన్న పడవకు ఒకే డబ్బా మెరైన్ ఎనామెల్ తక్కువదేమీ కాదు. మెరుపు తొందరగా తగ్గుతుంది, కానీ గీతలు పడితే సరిచేయడం తేలిక. మీకు ఇది మొదటి పడవైతే నేను దానికే ఓటేస్తాను.

పగుళ్లు, పుట్టీ

ఫైబర్ బోటు పైపొర పేరు జెల్‌కోట్. రంగు కలిపిన పాలిస్టర్ రెజిన్ అది, మందం అర మిల్లీమీటరుకు అటూఇటూ. దాని మీద సాలెగూడులా పరుచుకున్న సన్నటి పగుళ్లు కనిపిస్తే, ముందు ఆ చోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. లోపలికి వంగిందంటే కింద బలం తగ్గింది. అక్కడ ఎంత పుట్టీ పెట్టినా ఏడాది తిరక్కుండా పగులు తిరిగి వస్తుంది. లోపలి వైపు నుంచి ఫైబర్ మ్యాట్ వేసి బలం పెంచాకే బయట పని. ఇంకో పరీక్ష, రూపాయి బిళ్లతో హల్ అంతా తట్టుకుంటూ పోవడం. గట్టి చోట టక్కుమంటుంది, పొరలు విడిన చోట బోలుగా పలుకుతుంది. అలాంటి చోట్ల పెన్సిల్‌తో సున్నా చుట్టండి.

వంగని చోట ఉన్న పగుళ్లను స్క్రేపర్ మూలతో కోసుగా తవ్వాలి. సన్నటి పగులు మీద పుట్టీ రాస్తే పైన అతుక్కుంటుంది తప్ప లోపలికి దిగదు. కాలువలా విప్పితేనే దానికి పట్టు దొరుకుతుంది.

పుట్టీ ఎంపికలో చాలామంది దెబ్బతింటారు. కార్ల షెడ్డులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ, బాడీ ఫిల్లర్ చవక, త్వరగా ఆరతాయి, చక్కగా అరుగుతాయి. కానీ బాడీ ఫిల్లర్‌లో ఉండే టాల్క్ పొడి నీళ్లు పీలుస్తుంది. తేమ తగిలే హల్‌కు అది పనికిరాదు. హార్డెనర్ కలిపిన ఎపాక్సీ రెజిన్‌లో మైక్రోబెలూన్ పొడి (లోపల బోలుగా ఉండే సన్నటి గుళికలు) కలిపి, వేరుశనగ వెన్నంత చిక్కగా చేసుకోండి. బాగా తేలిగ్గా ఉంటుంది, కాగితానికి సులువుగా అరుగుతుంది. లోతైన గుంటను ఒకేసారి నింపకుండా రెండు మూడు విడతల్లో నింపండి.

ఎపాక్సీ గట్టిపడ్డాక పైన జిడ్డుగా, మైనంలా ఒక పలచటి పొర తేలవచ్చు. హార్డెనర్‌లోని అమైన్ గాలిలోని తేమతో, కార్బన్ డై ఆక్సైడ్‌తో కలిసి చేసే పని ఇది. సాల్వెంట్‌తో తుడిస్తే సరిగా పోదు, నీళ్లలో కరుగుతుంది. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరు, గోరువెచ్చటి నీళ్లు చాలు. ఇది కడగకుండా గీరితే కాగితం జిగటతో నిండిపోతుంది, పైన వేసే ప్రైమరు ఊడిపోతుంది.

రుద్దుడు

ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే చాలదు, ఎన్-95 లేదా అంతకంటే మంచి మాస్కు పెట్టుకోండి. కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. దురద పుడితే చల్లటి నీళ్లతో కడుక్కోండి.

పుట్టీ మీద 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120కి, తర్వాత 180కి వెళ్తాం. కరెంటు శాండరు జెల్‌కోట్ మెరుపు తీయడానికి బాగుంటుంది. పుట్టీని చదును చేయడానికి మాత్రం చెయ్యే మేలు. శాండరు పుట్టీ కంటే దాని చుట్టూ ఉన్న చోటును ఎక్కువ తినేస్తుంది. కొంచెం వంగే చెక్కబద్ద, అడుగున్నర పొడవుది, తీసుకుని దానికి కాగితం అంటించండి. ఒంపు ఉన్న చోట బద్ద కూడా ఒంపుతో పాటు ఒంగాలి. రుద్దేది ఏటవాలుగా: ముందు ఎడమ నుంచి కుడికి ఐమూలగా, తర్వాత దానికి అడ్డంగా. ఒకే దిక్కున రుద్దితే తెలియకుండానే కాలువలు పడతాయి.

ఎంటర్‌ప్రైజ్ హల్ పలకలు పలకలుగా ఉండి, అవి కలిసే చోట పొడుగునా అంచులు ఉంటాయి. ఆ అంచుల మీద జెల్‌కోట్ క్షణంలో అరిగి ఫైబర్ బయటపడుతుంది. రుద్దేటప్పుడు ప్రతి అంచుకు మాస్కింగ్ టేపు వేసి ఉంచండి. అన్నీ అయ్యాక టేపు తీసి, అంచును చేత్తో 180 నంబరు కాగితం పట్టుకుని రెండంటే రెండు గీతలు గీయండి, చాలు.

ప్రైమర్: వాతావరణం చూసి

పాత ఒకే డబ్బా రంగును గీకేయకుండా ఉంచుకున్నవాళ్లు ఒకే డబ్బా ప్రైమరే వాడాలి. మిగతావాళ్లు రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి. పైన ఏ రంగు వేసినా కింద ఇది నప్పుతుంది. డబ్బా మీద రాసిన పాళ్లు బరువులోనా, కొలతలోనా అన్నది చూసి మరీ కలపండి. 4:1 అంటే నాలుగుకొకటే. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే గట్టిపడటం అటుంచి, మెత్తగా మిగిలిపోతుంది. కలిపాక డబ్బా మీద చెప్పినంతసేపు, చాలావాటికి పావుగంట నుంచి అరగంట, కదపకుండా ఉంచాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే కలిపిన ప్రైమర్ పనికొచ్చే సమయం దాదాపు సగమవుతుంది. అందుకే ఏప్రిల్ ఎండలో ఒకేసారి లీటరు కలపొద్దు. పావు లీటరు చొప్పున కలుపుకోండి.

ఇక తేమ. హల్ ఒంటి వేడి, మంచు పాయింటు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 28 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 70 శాతముంటే మంచు పాయింటు 22 దగ్గర ఉంటుంది, భయం లేదు. అదే వేడిలో తేమ 85 శాతానికి పెరిగితే అది 25 దాటుతుంది, మూడు డిగ్రీల దూరం మిగలదు. కంటికి పొడిగా కనిపిస్తున్నా ఆ రోజు ఆపేయండి. వానాకాలపు గాలుల్లో పోటీలు జరిగే హుస్సేన్ సాగర్ పడవలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. పొద్దున మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, చీకటి పడటానికి మూడు గంటల ముందే ముగించండి.

చిన్న నురుగు రోలరుతో పలచగా రెండు కోట్లు వేయండి. రెండో కోటులో కాస్త వేరే ఛాయ వచ్చేలా టింట్ కలిపితే, రుద్దేటప్పుడు ఎక్కడ అరిగిపోతోందో ఇట్టే తెలుస్తుంది. రెండు కోట్ల మధ్య ఎంత ఆగొచ్చో డబ్బా చెబుతుంది. ఆ గడువు దాటితే మళ్లీ గీరాల్సిందే. ఎపాక్సీకి ఎండ పడదు, పొడి రాలుతుంది, కాబట్టి ప్రైమర్‌తోనే పడవను నెలల తరబడి ఆరుబయట వదిలేయొద్దు.

ఈ వారం పని

ప్రైమర్ పూర్తిగా గట్టిపడ్డాక నల్ల స్ప్రే రంగును దూరం నుంచి పొగలా హల్ అంతా చల్లండి. తర్వాత 220 నంబరు వాటర్ పేపరును బద్దకు చుట్టి, తడుపుతూ రుద్దండి. నలుపు ముందుగా పోయే చోట ఎత్తు ఉంది, చివరిదాకా మిగిలే చోట గుంట ఉంది. గుంట మీద పలచగా పుట్టీ వేసి, మళ్లీ రుద్ది, ఆ చోట మళ్లీ ప్రైమర్ వేయండి. హల్ అంతా నలుపు ఒక్కసారిగా పోయేదాకా ఇది చేయాలి. చీకటి పడ్డాక టార్చిలైటును హల్‌కు ఆనించి, వెలుగు పక్కవాటుగా పడేలా చూడండి. పగలు తప్పించుకున్న సొట్టలు నీడలుగా దొరికిపోతాయి. చివరగా 320 నంబరు వాటర్ పేపరుతో ఒక దఫా రుద్ది, కడిగి ఆరబెట్టండి.

వచ్చే పాఠంలో పైరంగు: ఒకరు రోలరు, వెనకే ఒకరు బ్రష్షు. ఇప్పుడే ఒక తోడును కుదుర్చుకోండి, ఆ పని ఒంటరిగా కాదు. రెండు డబ్బాల పాలీయురేథేన్ వేసేవాళ్లు సేంద్రియ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు తెచ్చుకోండి. అందులో ఐసోసైనేట్ ఉంటుంది, ఆస్తమా తెప్పించగలదు. ఆ రంగును ఇంటి దగ్గర మీరే స్ప్రే మాత్రం చేయకండి. ఎంత రంగు కొనాలో లెక్క ఇలా: పడవ నడిమధ్య అంచు నుంచి అంచుకు టేపుతో చుట్టుకొలత తీసి, పొడవుతో గుణించి, వచ్చినదాంట్లో ఐదోవంతు తీసేయండి. మన ఎంటర్‌ప్రైజ్‌కు అది ఏడు చదరపు మీటర్లకు అటూఇటూ వస్తుంది. లీటరు రంగు ఒక కోటుకు పది చదరపు మీటర్లు పాకుతుందనుకుంటే, మూడు కోట్లకు రెండు లీటర్ల పైచిలుకు అవుతుంది. రెండున్నర లీటర్లు, ఒకే బ్యాచ్ నంబరువి, తీసిపెట్టుకోండి.