ఉద్యోగం మాని పీజీకి వెళ్లాలంటే: రాజీనామాకు ముందే చూసుకోవాల్సిన డబ్బు లెక్కలు

లైను మార్చుకుందామని ముప్పై దాటాక మళ్లీ కాలేజీలో చేరేవాళ్లు చాలామంది ఫీజు ఒక్కటే లెక్కేసుకుంటారు. అసలు దెబ్బ రెండేళ్లు జీతం ఆగిపోవడం దగ్గర తగులుతుంది. హనుమకొండలో ఇల్లు నెలకు 18,000తో నడుస్తోందనుకుందాం. కోర్సు 24 నెలలు, ఉద్యోగం దొరికేదాకా ఇంకో నాలుగు నెలలు. మొత్తం 28 నెలలకు 5,04,000. బండి ఈఎంఐ 4,000 ఉంటే మరో 1,12,000. ఫీజు దీనికి అదనం. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది కాబట్టి సొంత పాలసీ ముందే తీసుకోండి, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే కొంతకాలం గడిచేదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు.

తెలంగాణ ప్రభుత్వం ఈపాస్ పోర్టల్ ద్వారా ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకునేముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి వయసు: ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 34 ఏళ్ల పరిమితి ఉంది, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు) ఇంకా తక్కువ. రెండోది, ఒక ఎం.ఏ. చేసినవాళ్లు ఇంకో ఎం.ఏ.లో చేరితే రాదు. మూడోది, మేనేజ్‌మెంట్ కోటాకు, దూరవిద్యకు వర్తించదు. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో పెట్టి తహసీల్దార్ దగ్గర నుంచి తెచ్చుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి. అన్నీ సరిపోయినా డబ్బు ఆలస్యంగానే పడుతుంది. ఈలోపు కాలేజీ ఫీజు అడిగితే కట్టే ఏర్పాటు ఉంచుకోండి.

బ్యాంకు విద్యారుణంలో నాలుగు లక్షల వరకు తాకట్టు గానీ మన వాటా గానీ అడగరు. ఏడున్నర లక్షలు దాటితేనే సాధారణంగా ఆస్తి అడుగుతారు. కోర్సు కాలం, ఆపైన ఏడాది వాయిదా కట్టక్కర్లేదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా రెండేసి లక్షల చొప్పున, 10 శాతం సాధారణ వడ్డీకి తీసుకుంటే మొదటి విడతకు మూడేళ్ల వడ్డీ 60,000, రెండోదానికి 40,000. అంటే వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు ఐదు లక్షలు. చదువుతుండగానే నెలనెలా వడ్డీ కట్టేస్తే ఈ లక్ష అసలులో కలవదు. వరంగల్ ఎన్‌ఐటీ లాంటిచోట మెరిట్ సీటు వస్తే పీఎం విద్యాలక్ష్మి కింద పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏటా ఎనిమిది లక్షలలోపైతే, పది లక్షల వరకు రుణానికి మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని) కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా సిబిల్ దగ్గరే, అంటే మన పాత అప్పుల చెల్లింపుల రికార్డు దగ్గరే. పాత క్రెడిట్ కార్డు బాకీ ‘సెటిల్డ్’ (కొంత తగ్గించి కట్టి ముగించినది) అని పడి ఉంటే, మిగతాది కట్టి ‘క్లోజ్డ్’గా మార్పించుకున్నాకే వెళ్లండి.

ఇక చిట్టీలు. వరంగల్‌లో చిట్టీ లేని ఇల్లు తక్కువ కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా. నెలకు 10,000 చొప్పున 50 నెలల ఐదు లక్షల చిట్టీని తొందరపడి లక్షన్నర తగ్గించి పాడితే చేతికొచ్చేది మూడున్నర లక్షలే. పైగా మిగతా వాయిదాలు జీతం లేని నెలల్లో కట్టాలి. ఎత్తుకోవాలంటే కంపెనీ మీ జీతం స్లిప్పులు, జీతమున్న జామీనుదారులను అడుగుతుంది. రాజీనామా చేశాక వెళ్తే పాట మీదైనా డబ్బు చేతికి రాక ఆగిపోవచ్చు. అందుకే పాడేదేదో ఉద్యోగంలో ఉండగానే పాడి, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, వాయిదాలు అందులోంచే కట్టండి. రిజిస్టరైన చిట్టీ అయితేనే. తెలిసినవాళ్ల దగ్గర నోటిమాట మీద నడిచే చిట్టీని ఈ లెక్కలో అసలు కలపొద్దు.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఎం.టెక్. ప్రవేశ పరీక్ష గేట్ దారి ఉంది. గేట్ స్కోరుతో ఫుల్‌టైం ఎం.టెక్. చేరితే నెలకు 12,400 స్టైపెండ్, ఎక్కువలో ఎక్కువ 24 నెలలు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఉద్యోగం చేస్తూనే పరీక్ష రాసి పెట్టుకోవచ్చు. స్పాన్సర్డ్ సీటులో (పనిచేసే సంస్థ పంపితే వచ్చే సీటు) చేరితే మాత్రం ఈ స్టైపెండ్ లేదు.

పీఎఫ్ చివరికి ఉంచుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

కొత్త లైనుకు దూరవిద్య డిగ్రీ సరిపోయేటట్లయితే కాకతీయ దూరవిద్య, అంబేద్కర్ ఓపెన్, ఇగ్నో ముందు చూడండి. ఫీజు జీతంలోంచే పోతుంది, అప్పు ఉండదు. చేరే సెషన్‌కు ఆ కోర్సు యూజీసీ జాబితాలో ఉందో లేదో చూసి, డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం విద్యార్థికిచ్చే నంబరు) తీసుకున్నాకే డబ్బు కట్టండి. రెగ్యులర్ కోర్సే కావాలంటే సీటు అలాట్‌మెంట్, బ్యాంకు మంజూరు పత్రం, చిట్టీ డబ్బు మూడూ చేతిలో పడ్డాకే నోటీసు ఇవ్వండి. నోటీసు పీరియడ్ మూడు నెలలైతే కౌన్సెలింగ్‌కు ముందే హెచ్‌ఆర్‌ను అడిగి, దాన్ని తగ్గించడం కుదురుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.