గూడబాతుల దగ్గర వాక్యధ్యానం: కొల్లేటి ఒడ్డున ఒక ఉదయాన్ని ఎలా గడపాలి

అడవుల్లోను, జీవరాశుల్లోను విశ్వాసపాఠాలు వెతకాలనుకునేవారిలో చాలామంది పాఠాన్ని ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని, దానికి సరిపోయే పక్షినో జంతువునో చూపించడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరుతారు. యోబు గ్రంథం 12వ అధ్యాయం చెప్పే వరుస వేరు. మృగాలను విచారించు, అవి నీకు బోధిస్తాయి అని అక్కడ ఉంది. విచారించడమంటే అడగడం, అడిగినవాడు జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండాలి. కొన్నేళ్లుగా మా సంఘంలోని యౌవనస్థులను శీతాకాలంలో ఒకసారి ఆటపాకకు తీసుకువెళుతున్నాను కాబట్టి, ఆ వరుసను పాటిస్తూ ఒక ఉదయాన్ని ఎలా గడపవచ్చో ఇక్కడ రాస్తున్నాను.

ఆటపాక కైకలూరు పక్కనే ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరును 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. ఆటపాక చెరువులో అటవీశాఖవారు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడు వెళ్లినా మంచిదే. దక్షిణాన ఉన్నవారికి నేలపట్టు, శ్రీకాకుళం వైపువారికి తేలినీలాపురం దగ్గర. ఆ రెండుచోట్లా ఈ పక్షులే కనిపిస్తాయి.

పదిమందికి మించకుండా వెళ్లండి. ఒక్కొక్కరికి ఒక నోటు పుస్తకం, అందరికీ కలిపి ఒకటో రెండో బైనాక్యులర్లు ఉంటే చాలు. మైకు, గిటారు, కంజిర వెంట తేవద్దు. పాటలు తిరుగు ప్రయాణంలో పాడుకోవచ్చు. శబ్దానికి బెదిరి పెద్ద పక్షులు గూడు వదిలి లేస్తే, ఆ కొద్దిసేపట్లోనే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. దేవుని స్తుతించడానికి వచ్చి ఆయన ఆ పక్షిపిల్లలకు పెట్టే అన్నానికి అడ్డుపడకూడదు.

తెల్లవారేసరికి ఒడ్డున ఉండండి. మొదటి అరగంట బైబిలు తెరవవద్దు, ఎవరూ వివరణ చెప్పవద్దు. కంటికి కనిపించినది మాత్రమే పుస్తకంలో రాయమనండి. 'తల్లి ప్రేమ' అని రాసిన పిల్లవాణ్ని, నీవు చూసినదేమిటి అని మెల్లగా మళ్లీ అడగండి. అప్పుడతడు చూడటం మొదలుపెడతాడు: పెద్ద పక్షి గూటి అంచున వాలగానే పిల్ల కీచుగా అరుస్తూ దాని ముక్కు కింద వేలాడే సంచిలోకి తల దూరుస్తుంది; తల, మెడ లోపలికి పోయి, బయట వణుకుతున్న చిన్న రెక్కలు మాత్రమే మిగులుతాయి. పెద్దది మెడ వంచి, ముక్కును ఛాతీకి ఆనించి ఓపికగా నిలబడుతుంది.

ఈ దృశ్యం దగ్గర కాసేపు ఆగవలసిన అవసరం ఉంది. తల్లి గూడబాతు తన రొమ్మును ముక్కుతో చీల్చి రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని పూర్వం ఐరోపా క్రైస్తవులు నమ్మారు. ఆ పక్షిని క్రీస్తుకు గుర్తుగా దేవాలయాల్లో చెక్కారు. 13వ శతాబ్దంలో వేదాంత పండితుడు థామస్ అక్వినాస్ తన కీర్తనలో ప్రభువును గూడబాతు అనే పిలిచాడు. ఛాతీకి ఆనిన ఆ ముక్కును దూరం నుంచి చూసినవారికి అలా తోచి ఉంటుందని నా ఊహ. నిజానికి పిల్లలు తినేది పెద్ద పక్షి గొంతులోంచి తెచ్చి ఇచ్చే చేపలను. పిల్లలకు ఈ రెండు సంగతులూ చెప్పండి. క్రీస్తు రక్తాన్ని గురించి బోధించడానికి మనకు సువార్తలున్నాయి. ఆయన చేసిన పక్షి మీద లేని గాయాన్ని మోపనక్కరలేదు.

ఇంతకంటే ఎక్కువగా మన సంఘాల్లో తిరుగుతున్నది పక్షిరాజు కథ. గద్ద నలభై ఏళ్ల వయసులో కొండెక్కి, ముక్కును రాతికి కొట్టి ఊడగొట్టుకుని, గోళ్లు, ఈకలు పీకేసుకుని మరో ముప్పై ఏళ్లు బతుకుతుందని ప్రసంగాల్లో వింటున్నాం, వాట్సాప్‌లో పంపుకుంటున్నాం. అలా జరగదు. ముక్కు లేని గద్ద తిండి లేక చనిపోతుంది. దాని ఈకలు ఏటా కొన్ని కొన్నిగా రాలి కొత్తవి వస్తాయి. తానే సత్యమని చెప్పిన ప్రభువును అబద్ధపు ఉదాహరణతో ఘనపరచలేమని నేను గట్టిగా నమ్ముతాను. పైగా ఆ కథ లేకుండానే యెషయా 40వ అధ్యాయం 31వ వచనాన్ని ఆటపాకలో కళ్లారా చూడవచ్చు. ఉదయం పూట బరువైన ఈ పక్షులు నీటి మీదినుంచి ఎంతో శ్రమపడి రెక్కలు కొట్టుకుంటూ లేస్తాయి. తొమ్మిది దాటి ఎండ ఎక్కి, నేల వేడెక్కి, గాలి పైకి లేవడం మొదలయ్యాక, అవే పక్షులు రెక్కలు చాపి, ఒక్కసారైనా ఆడించకుండా సుడులు తిరుగుతూ చుక్కలంత చిన్నవయ్యేదాకా పైకి పోతాయి. పక్షిరాజులు ఎగిరేదీ ఆ గాలి మీదనే. యెహోవా కొరకు ఎదురుచూచువారు పక్షిరాజులవలె రెక్కలు చాపి పైకి ఎగురుదురు అన్న మాటను అప్పుడు చదవండి; నేనైతే ఒక్క వాక్యం కూడా వివరణ చేర్చను.

ఆ తరువాత కూర్చుని 102వ కీర్తన మొత్తం చదవండి. ఆరవ వచనంలో కీర్తనకారుడు తాను అడవిలోని గూడబాతును పోలి ఉన్నానంటాడు. ఎదురుగా గుంపులు గుంపులుగా ఉన్న పక్షులను చూస్తున్న పిల్లలు, ఇది ఒంటరి పక్షి ఎలా అవుతుందని తప్పకుండా అడుగుతారు. ఆ హీబ్రూ పేరు ఏ పక్షిదో పండితుల్లో ఏకాభిప్రాయం లేదని, కొన్ని అనువాదాల్లో అక్కడ గుడ్లగూబ ఉందని ముందుగా చెప్పాలి. మన అనువాదాన్నే తీసుకుంటే మాత్రం, ఎండిన అరణ్యంలో చిక్కుకున్న నీటిపక్షి మన ముందు నిలుస్తుంది: తోటివి లేవు, నీళ్లు లేవు, చేప లేదు. కువైట్‌లో ఏళ్లతరబడి ఇళ్లలో పనిచేసి వచ్చిన మా సంఘపు సహోదరి ఒకరు ఈ వచనం విని, 'ఆ పక్షి ఎలా ఉంటుందో నాకు తెలుసు' అని మాత్రం అన్నారు. ఆ రోజు ఇంకెవరూ మాట్లాడలేదు.

చివరిగా, అందంగా లేనిదాన్ని దాచవద్దు. ఒక ఏడాది స్టాండు కింద నీళ్లలో ఒక పిల్ల పడి ఉంది. తెల్లటి నూగు తడిసి ఒంటికి అంటుకుపోయింది, తల ఒకవైపుకు వాలిపోయింది. ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు, 'అన్నా, ఆకాశపక్షులను తండ్రి పోషిస్తాడని చదివారు కదా, మరి దాన్ని?' అని అడిగాడు. ఒక్క గూటిలోని పిల్లల్లో బలహీనమైనది తరచు బతకదని నాకు తెలుసు, కానీ అది అతని ప్రశ్నకు జవాబు కాదు. మత్తయి 10వ అధ్యాయం 29వ వచనం తీసి చదివాం. కాసుకు రెండు అమ్ముడుపోయే పిచ్చుక నేల పడదని ప్రభువు అనలేదు. మన తండ్రికి తెలియకుండా పడదన్నట్టుగా చెప్పాడు. రోమా 8వ అధ్యాయంలో సృష్టి అంతా మూల్గుతున్నదన్న మాట కూడా చదివి, ప్రార్థించి, అక్కడితో ఆపాం. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు తొందరపడి సర్దిచెప్పకండి; తెలియదని చెప్పడానికి నాయకుడు వెనకాడకూడదు.

బయలుదేరే ముందు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 6, 7 వచనాలు చదివించండి. గూటిలో తల్లిని, పిల్లల్ని కలిపి పట్టుకోవద్దని ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆజ్ఞ అది. తరువాత ఒడ్డున మనవీ, మనవి కానివీ అయిన ప్లాస్టిక్ సంచులు ఏరి బస్సులో వేసుకోండి. తరువాతి ఆదివారం కూడికలో ఒక్కొక్కరిచేత తాను చూసిన ఒక్క సంగతిని, దానికి తోడు తెచ్చుకున్న వచనాన్ని చదివించండి, ప్రసంగం వద్దు. నోటు పుస్తకాలు సేకరించి దాచి, మరుసటి శీతాకాలంలో వాటినే తిరిగి ఇవ్వండి. ఆ అబ్బాయి ప్రశ్న ఇంకా అతని పుస్తకంలో ఉంది. దాని కింద ఇప్పటికి అతను నాలుగు వచనాలు రాసుకున్నాడు, వాటిలో రెండింటిని మళ్లీ కొట్టేశాడు.